నిరీక్షణలో ఉత్తీర్ణులు

గొర్లె నాగావళి పిహెచ్‌డి ఇంటర్వ్యూ ఆగస్టు మూడో తేదీన అయింది. ఫలితం పదిహేను రోజుల్లో చెబుతామని విశ్వవిద్యాలయం వాళ్లు నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. ఆ కాగితం వానకి తడిసి, ఎండకి ఎండి, అక్షరాలు ఒక్కొక్కటే వెలిసిపోయి, అక్టోబరు నాటికి "పదిహేను" అన్న ఒక్క మాట మిగిలింది. పదిహేను ఏమిటన్నది మాత్రం చెరిగిపోయింది.

నాగావళిది ఉద్దానం వైపు ఊరు. నాన్న సింహాద్రికి రెండెకరాల జీడితోట ఉంది. మూడేళ్లుగా ఆ తోట పూసినట్టే పూసి, గింజ కట్టకముందే పూతంతా నల్లగా మాడిపోతోంది. ఎవరే మందు చెబితే ఆ మందు కొట్టారు. ఎవరే దేవుణ్ణి చెబితే ఆ దేవుడికి మొక్కారు. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన నాగావళి, ఆ పూత ఎందుకు మాడుతోందో తేల్చడమే తన పరిశోధన అనుకుంది. ఇంటర్వ్యూలో అదే చెప్పింది. బల్లకి అవతల కూర్చున్న ఐదుగురు పెద్దమనుషులు తలలూపారు. ఒకాయన మాత్రం, "మీవైపు జీడిపప్పు పెద్దదిగా ఉంటుందటగా" అని అడిగాడు. ఉంటుందండీ అంది. ఇంటర్వ్యూ అక్కడితో అయిపోయింది.

విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లోనే హాస్టల్లో ఉండి ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ప్రతి సోమవారం పదకొండింటికి ప్రవేశాల విభాగానికి ఫోన్ చేసేది. సూపరింటెండెంట్ సాంబమూర్తి ఎత్తేవాడు. ఆయన మెత్తటి మనిషి. చెప్పిందే చెప్పాల్సి వచ్చినా, విన్నవాళ్ల మనసు కష్టపడకుండా వారానికో రకంగా చెప్పేవాడు.

"ప్రాసెస్‌లో ఉందమ్మా" అనేవాడు ఒక సోమవారం.

"అయ్యో, ప్రాసెస్‌లోనే ఉంది తల్లీ, ఎక్కడికీ పోలేదు" అనేవాడు మరో సోమవారం.

ఆదివారాలు నాన్న ఫోన్ చేసేవాడు.

"ఏటమ్మా, సీటు వొచ్చినట్టా, రానట్టా?"

"రెండూ కాదు నాన్నా. ఇంకా చెప్పలేదు."

"రెండూ కాకపోతే మూడోదేటుంటాది? గంగిరెద్దునడిగినా అవునో కాదో తలూపుతాది కదే."

నాగావళికి రాత్రి అన్నం ముందు కూర్చుంటే వచ్చినట్టు అనిపించేది, చెయ్యి కడుక్కునేసరికి రానట్టు అనిపించేది.

ఇంతలో ఎవరో అభ్యర్థి, పేరు ఇప్పటికీ బయటపడలేదు, ఈ ఎదురుచూపుతో మతి పోతోందని పై మండలికి ఫిర్యాదు రాశాడు. మండలి నుంచి ఉత్తర్వు దిగింది. "ప్రవేశ ఫలితముల కొరకు ఎదురుచూచు అభ్యర్థులు మానసిక ఆందోళనకు గురికాకుండునట్లు విశ్వవిద్యాలయములు తక్షణమే తగు చర్యలు గైకొనవలెను."

పాలకవర్గం అత్యవసరంగా సమావేశమైంది. ఫలితాలు ప్రకటించేస్తే సరిపోతుంది కదా అని ఒక కొత్త సభ్యుడు తెలియక అన్నాడు. పెద్దలు అతణ్ణి జాలిగా చూశారు. ఫలితం ప్రకటించిన మరుక్షణం సీటు రానివాళ్లకి దుఃఖం, వచ్చినవాళ్లకి భయం మొదలవుతాయనీ, అంటే ఆందోళన తగ్గకపోగా రెండుగా చీలుతుందనీ, కాబట్టి ఉత్తర్వును అక్షరాలా పాటించాలంటే ఫలితం జోలికి పోకుండా ఆందోళన ఒక్కదాన్నే తగ్గించాలనీ మూడు గంటల చర్చ తర్వాత తేల్చారు. ఆ సాయంత్రమే "నిరీక్షణ సహాయ కేంద్రం" పుట్టింది. దానికి డైరెక్టరుగా ఆచార్య విశ్వంభరరావుని వేశారు. ఆయన అంతకుముందు నెలలోనే ఎక్కడో మూడు రోజుల సదస్సులో అనిశ్చితి గురించి ఉపన్యాసాలు విని, మెడలో ఇంకా ఆ సదస్సు బిళ్లతోనే తిరుగుతున్నాడు.

కేంద్రానికి చోటు కావాలి. ప్రవేశాల విభాగం ఉన్న పెద్ద హాలు గాలీ వెలుతురూ ఉన్నది కనక దాన్నిచ్చారు. ప్రవేశాల విభాగం బీరువాలతో సహా వరండాలోకి వెళ్లింది. కేంద్రానికి మనుషులు కూడా కావాలి. అభ్యర్థులకి ఉత్తరాలు పంపే గుమాస్తాని తెచ్చి హాజరు పట్టీ ముందు కూర్చోబెట్టారు.

ఆ గుమాస్తా విశ్వవిద్యాలయం తరఫున రాసిన ఆఖరి ఉత్తరం నాగావళికి అందింది.

"తాము ఫలితము కొరకు ఎదురుచూచుచున్నట్లు విశ్వసనీయముగా తెలియవచ్చినది. కావున తాము ప్రతి మంగళ, శుక్రవారములు సాయంత్రము నాలుగు గంటలకు నిరీక్షణ శిక్షణకు హాజరు కావలెను. డెబ్బది ఐదు శాతము హాజరు లేనివారిని ఎదురుచూచుటయందు ఆసక్తి లేనివారుగా పరిగణించి, నిరీక్షణ జాబితా నుండి పేరు తొలగించబడును."

మొదటి మంగళవారం హాలు నిండింది. అన్ని శాఖలవాళ్లూ కలిసి రెండొందల పన్నెండు మంది. నాగావళి పక్కన ముప్పై నాలుగేళ్ల మనిషి ఒకడు, ఫ్లాస్కూ దిండూ తెచ్చుకుని, రైలెక్కినవాడిలా సర్దుకుని కూర్చున్నాడు. తన పేరు ఇమ్మానుయేలనీ, చరిత్ర శాఖ అనీ చెప్పాడు.

"మీకిది ఎన్నో ఏడండీ?"

"మొదటిసారే" అంది నాగావళి.

"నాకు మూడోది. మొదటి ఏడు కొంచెం గుచ్చుకుంటుంది. తర్వాత కాయ కాసేస్తుంది లెండి" అని ఫ్లాస్కు మూతలో ఆమెకి కాస్త టీ పోసిచ్చాడు.

విశ్వంభరరావు వేదిక ఎక్కాడు.

"ఫలితం అనేది ఏమిటి? ఒక కాగితం. దాన్ని ఏ విశ్వవిద్యాలయమైనా ఇవ్వగలదు. కానీ నిరీక్షణ అనే అనుభవాన్ని ఇంత సుదీర్ఘంగా, ఇంత లోతుగా, ఏ రుసుమూ లేకుండా ఇవ్వగల సంస్థ మనది ఒక్కటే. మిమ్మల్ని ఎదురుచూసేలా చేశామని కొందరంటున్నారు. కాదు. ఎదురుచూడగల స్థాయికి మిమ్మల్ని తెచ్చాం" అన్నాడు.

తర్వాత అందరి చేతా కళ్లు మూయించి, ఊపిరి పీల్పించి, ఎంతసేపు పట్టుకోవాలో చెప్పకుండా ఫోన్ వస్తే బయటికి వెళ్లాడు. జనం కాసేపు చూసి ఎవరికి వాళ్లే వదిలేశారు. అది ఆ రోజు పాఠంలో భాగమేనని తిరిగొచ్చాక చెప్పాడు.

శిక్షణ అయ్యాక ఆందోళన పత్రం నింపాలి. సున్నా నుంచి పది దాకా అంకెలుంటాయి. ఆ వారం మనసులో ఆందోళన ఎంత ఉందో ఒక అంకె వెయ్యాలి. నాగావళి నిజాయితీగా ఎనిమిది వేసింది.

శుక్రవారం విశ్వంభరరావు పిలిపించాడు.

"ఎనిమిది ఏమిటమ్మా? కేంద్రం పెట్టాక కూడా ఎనిమిది అంటే కేంద్రం మీద విశ్వాసం లేనట్టు కదా. సగటు పాడవుతోంది."

తర్వాతి వారం రెండు వేసింది. మళ్లీ పిలిపించాడు. ఈసారి ముఖం ఇంకా గంభీరంగా ఉంది.

"వారంలో ఎనిమిది నుంచి రెండుకి దిగారు. వేరేచోట సీటేమైనా వచ్చిందా?"

"లేదు సార్."

"అయితే ఈ సీటు మీద ఆశ తగ్గిందన్నమాట. ఆశ లేని అభ్యర్థికి నిరీక్షణ శిక్షణ ఇవ్వడం వనరుల దుర్వినియోగం. సీటు ఇంకా కావాలనే కోరుకుంటున్నట్టు గెజిటెడ్ ఆఫీసరు చేత ధ్రువీకరణ పత్రం తీసుకురండి."

నాగావళి రెండు రోజులు తిరిగి పశువైద్యాధికారి దగ్గర సంతకం సంపాదించింది. ఆయన కాగితం రెండుసార్లు చదివి, "కోరిక ఉందో లేదో నాకెలా తెలుస్తుందమ్మా? నా దగ్గరికొచ్చేవాటికి నాడి చూసి చెబుతాను" అన్నాడు. మొత్తానికి ముద్ర వేశాడు.

ఇదంతా విని ఇమ్మానుయేలు, "మొదటే నన్నడగాల్సింది. నాలుగున్నర వేయండి. బాధ ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఆఫీసులో ఎవర్నీ నొప్పించని అంకె అది" అన్నాడు. అప్పట్నుంచి నాగావళి నాలుగున్నరే వేసింది. ఎవరూ పిలవలేదు. హాస్టలుకి వెళ్లాక మాత్రం ఆ నాలుగున్నరలో పట్టని మిగతాదంతా మీద పడేది.

నవంబరులో కొత్త నిబంధన వచ్చింది. ఫలితం ఎప్పుడని అడగడం ఆందోళన లక్షణం కనక, అలా అడిగినవాళ్ల పేర్లు రాసుకుని కేంద్రానికి పంపాలన్నారు. ఆ సంగతి తెలియక నాగావళి సోమవారం వరండాలోకి వెళ్లింది. సాంబమూర్తి కట్టలు కట్టిన ఫైళ్ల మధ్య, వాన జల్లు పడకుండా గొడుగు వేసుకుని కూర్చున్నాడు.

"సార్, ఫలితం..."

"అడక్కమ్మా" అన్నాడు ఆయన చటుక్కున. "నువ్వడిగితే నేను రాయాలి. రాస్తే నీకు శనివారం కూడా క్లాసు పడుతుంది. నువ్వు అడగలేదు, నేను వినలేదు. ఇలా నడుచుకుంటూ పోతుంటే కనిపించావు, అంతే."

"మరి ఎలా తెలుస్తుంది సార్?"

"అదీ ప్రశ్నే కదమ్మా" అన్నాడు సాంబమూర్తి బాధగా.

డిసెంబరు మొదట్లోనే పరీక్ష పెట్టారు. శిక్షణ ఉన్నాక పరీక్ష లేకపోతే ప్రమాణాలు దిగజారతాయని ఒక కమిటీ సిఫార్సు చేసింది. ప్రశ్నపత్రంలో మొదటి ప్రశ్న, "ఎదురుచూచుటకును వేచియుండుటకును గల భేదములను సోదాహరణముగా వివరింపుడు." రెండోది, "మీకు అకస్మాత్తుగా ఫలితము తెలిసినదనుకొనుడు. ఈ విపత్తును ఎట్లు ఎదుర్కొందురు?" నాగావళి రెండో ప్రశ్నకి పావుగంట పెన్ను పట్టుకుని కూర్చుని, చివరికి "మా నాన్నకి ఫోన్ చేస్తాను" అని ఒక్క వాక్యం రాసి ఇచ్చేసింది.

ఆ పరీక్ష ఫలితాలు పదిహేను రోజుల్లో ఇస్తామన్నారు. పదిహేను రోజులు పోయాయి, నెల పోయింది. నిరీక్షణ పరీక్ష ఫలితం కోసం అభ్యర్థులు ఆందోళన పడుతున్నట్టు కేంద్రం గుర్తించి, దానికోసం ఆదివారాలు ఉప నిరీక్షణ శిక్షణ మొదలుపెట్టింది. దాంతో సిబ్బంది తొమ్మిదిమందికి పెరిగారు.

జనవరి మొదటి వారంలో నాన్న ఫోన్ చేశాడు. ఈసారి సీటు సంగతి అడగలేదు.

"పూత తొంగి చూత్తన్నాదమ్మా. కొండవార చెట్లకి మొదలెట్టేసింది."

ఫోన్ పెట్టేశాక నాగావళి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. పూత ఉండేది ఆరు వారాలు, మహా అయితే ఏడు. ఇప్పుడు చూడకపోతే మళ్లీ వచ్చే జనవరి. పిహెచ్‌డి సీటు రావాలి, గైడు రావాలి, సూక్ష్మదర్శిని రావాలి అని ఐదు నెలలుగా అనుకుంటూ కూర్చుంది. పూత మాత్రం ఎవరి అనుమతీ అడక్కుండా వచ్చేసింది.

సరిగ్గా అప్పుడే పై మండలి తనిఖీ వచ్చి పడింది. ఎనిమిది నుంచి నాలుగున్నరకి దిగి అక్కడే స్థిరపడిన అభ్యర్థి నాగావళి ఒక్కర్తే కనక, ఆదర్శ నిరీక్షకురాలిగా ఆమెను ఎంపిక చేశారు. మాట్లాడాల్సింది కేంద్రమే రాసిచ్చింది. వేదిక మీద మండలి సభ్యురాలు, తెల్లజుట్టు పెద్దావిడ, చేతులు కట్టుకుని కూర్చుంది. నాగావళి కాగితం విప్పి మొదటి వాక్యం చదివింది.

"నేను ఇక్కడికి రాకముందు నాకు ఫలితం కావాలనుకునేదాన్ని."

చప్పట్లు కొట్టారు. రెండో వాక్యం చదవలేదు. కాగితం మడిచి చేతిలో పెట్టుకుంది.

"మేడమ్, మా తోటలో పూత వచ్చింది. ఆరు వారాలే ఉంటుంది. మూడేళ్లుగా మాడిపోతోంది. నేను వెళ్లి చూడాలి. సీటు ఉందో లేదో చెబితే దాన్నిబట్టి ఏదో ఒకటి చేసుకుంటాను. లేదని చెప్పినా పర్వాలేదు."

 సాంబమూర్తి వరండాలోంచి తలుపు సందులో తొంగి చూశాడు. మండలి సభ్యురాలు కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ఎంత అద్భుతం" అంది. "తోటలోకి వెళ్లాలనిపించడం, లేదన్నా పర్వాలేదనుకోవడం. ఇంతటి మానసిక పరిణతి ఏ కేంద్రంలోనూ చూడలేదు. ప్రకృతి చికిత్స కూడా ఇస్తున్నారన్నమాట." అని పుస్తకంలో రాసుకుంది. విశ్వంభరరావు వినయంగా తల వంచుకున్నాడు.

మర్నాడు నాగావళి సెలవు చీటీ పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లింది. ఆయన చాలా ఆదరంగా కూర్చోబెట్టాడు.

"నిన్న బాగా మాట్లాడావమ్మా. కానీ సెలవు ఎలా ఇస్తాను? పనికి సెలవుంటుంది, చదువుకి సెలవుంటుంది. నిరీక్షణకి సెలవు ఎక్కడైనా ఉందా? సెలవులో కూడా మనిషి ఎదురుచూస్తూనే ఉంటాడు. మరి ఆ హాజరు ఏ పట్టీలో వెయ్యాలి?"

"ఆరు వారాలు రాకపోతే ఏమవుతుంది సార్?"

"హాజరు డెబ్బై ఐదు శాతం కిందికి పడిపోతుంది. జాబితాలోంచి పేరు పోతుంది. నీలాంటి ఉత్తమ అభ్యర్థిని పోగొట్టుకోవడం నాకు మాత్రం బాధ కాదూ?" నిజంగానే ఆయన కళ్లు చెమర్చాయి.

నాగావళి ఆ సాయంత్రమంతా హాస్టలు మెట్ల మీద కూర్చుంది. తెల్లారి కాలేజీలో చెప్పి, భూతద్దం, నోటు పుస్తకం సంచిలో వేసుకుని, ఇచ్ఛాపురం వెళ్లే బస్సెక్కింది. బస్సు ఊరు దాటుతున్నప్పుడు దిగిపోదామని రెండుసార్లు లేచి, మళ్లీ కూర్చుంది. ఐదు నెలలు పట్టుకుని వేలాడిన కొమ్మని తన చేత్తోనే వదిలేసింది మరి.

తోటలో మాత్రం వేరే సంగతి ఆలోచించడానికి తీరిక లేకపోయింది. నలభై చెట్లు ఎంచి, చెట్టుకి ఐదు పూగుత్తుల చొప్పున రంగు దారాలు కట్టింది. అమ్మ దాచిన పాత దోమతెర చింపి సంచులు కుట్టి, సగం గుత్తులకి తొడిగింది. పొద్దున్నే మంచులో వెళ్లి చూసేది, మిట్టమధ్యాహ్నం చూసేది, చీకటి పడబోతుండగా చూసేది. చూసింది చూసినట్టు రాసేది. మూడో వారానికి సంచుల్లోని పూత పచ్చగా ఉంది. బయటి పూత మాడడం మొదలైంది. ఐదో వారంలో ఒకనాడు తెల్లవారుజామున, పొగమంచు ఇంకా విడకముందే, లేత కాడ మీద వాలి రసం పీలుస్తున్న సన్నటి ఎర్ర పురుగుని భూతద్దంలోంచి చూసింది. టీ దోమ అంటారు దాన్ని. తొమ్మిదయ్యేసరికి ఎక్కడా కనిపించలేదు. మళ్లీ సాయంత్రం ఐదున్నరకి వచ్చింది. వారం రోజులు వరసగా అదే తంతు.

"నాన్నా, మందు ఎప్పుడు కొడతారు?"

"పదింటికి. మంచు ఆరాక."

"అప్పటికి అది ఆకుల మాటుకి పోతోంది."

సింహాద్రి చెట్టుకి చెయ్యి ఆనించాడు. "అయితే మూడేళ్లబట్టీ పురుగు పడుకున్నాక లేపకుండా మందు కొడతన్నామన్నమాట" అన్నాడు. మర్నాడు ఐదింటికే లేచాడు. అప్పటికి మాడని పూతలో కొంత దక్కింది. మొత్తం దక్కిందని చెప్పలేం గానీ, గింజ కట్టిన కొమ్మలు ఊళ్లో వాళ్లకి చూపించుకునేంత దక్కింది.

మార్చి మొదట్లో ఉత్తరం వచ్చింది. "హాజరు లోపము కారణముగా తమ పేరు నిరీక్షణ జాబితా నుండి తొలగించబడినది." ఇది జరుగుతుందని తెలుసు. అయినా ఉత్తరం రెండోసారి చదివింది. గుమ్మంలో కూలబడి, రాసుకున్న నోటు పుస్తకాన్ని చూసి, ఇదంతా ఇంక ఎవరికి చూపించాలో తెలియక ఏడ్చింది. సింహాద్రి పక్కన కూర్చున్నాడు. "పోనీలే. తేలిపోయింది కదా" అన్నాడు. అది ఓదార్పు మాటే గానీ, ఆమెకి ఆ రాత్రి చాలా రోజుల తర్వాత మెలకువ రాకుండా నిద్ర పట్టింది.

పది రోజులకి రిజిస్టర్డ్ పోస్టులో మరో ఉత్తరం వచ్చింది. వృక్షశాస్త్ర శాఖలో పిహెచ్‌డి ప్రవేశానికి నాగావళి ఎంపికైంది, రెండు వారాల్లో చేరాలి.

తప్పు ఉత్తరమేమోనని భయపడుతూనే వెళ్లి వరండాలో సాంబమూర్తి ముందు నిలబడింది. ఆయన గొంతు తగ్గించి చెప్పాడు.

"ఎంపిక జాబితా మీద ఆగస్టు పదకొండునే సంతకాలైపోయాయమ్మా. అందులో నీ పేరుంది. పంపుదామనుకునేలోపు కేంద్రం వచ్చింది. వాళ్ల నిబంధన తొమ్మిది ఏమందంటే, శిక్షణలో ఉన్నవాళ్లకి ఫలితం చెబితే మనసు బెదురుతుంది, కాబట్టి శిక్షణ పూర్తయ్యేదాకా చెప్పకూడదు. శిక్షణ పూర్తవ్వాలంటే పరీక్ష పాసవ్వాలి. ఆ పరీక్ష ఫలితం చెప్పాలన్నా నిబంధన తొమ్మిదే అడ్డం. నేను మాత్రం ఏం చేస్తాను? నీ పేరు నిరీక్షణ జాబితాలోంచి కొట్టేసిన కాగితం నాకొచ్చింది. ఇంక నువ్వు నిరీక్షకురాలివి కాదు. నీ పేరున్న జాబితా ఇంకొక్కటే మిగిలింది. అభ్యర్థిని ఏదో ఒక జాబితాలో చూపించి తీరాలి కదా. పోస్టాఫీసుకి నేనే నడిచి వెళ్లి వేసొచ్చాను."

"ఈ సంగతి మిగతావాళ్లకి తెలుసా సార్?"

"నేనెవరికీ చెప్పలేదు" అన్నాడు సాంబమూర్తి. "అడిగినవాళ్లకి చెప్పాను."

నాగావళి తోటకి వెళ్లినప్పట్నుంచే ఒక్కొక్కరే శిక్షణకి రావడం మానేస్తూ వచ్చారు. పేర్లు కొట్టేయడం, ఉత్తరాలు వెళ్లడం జరిగిపోయాయి. సీటు వచ్చినవాళ్లు చేరారు. రానివాళ్లు రెండు రోజులు బాధపడి, మూడోనాటికి వేరే పనుల్లో పడ్డారు. మనుషులు ఇంత చిన్న ఉత్తరంతో కుదుటపడగలరని పాలకవర్గంలో ఎవరూ ఊహించలేదు. విశ్వంభరరావు మాత్రం పైకి నివేదిక పంపాడు. రెండొందల పన్నెండు మందిలో రెండొందల పదకొండు మంది ఆందోళన పూర్తిగా నయమై వెళ్లిపోయారని అందులో ఉంది. కేంద్రానికి సొంత భవనం మంజూరైంది.

మిగిలిన ఆ ఒక్కడూ ఇమ్మానుయేలు.

నాగావళి చేరిన రోజు సాయంత్రం హాల్లోకి తొంగి చూస్తే, రెండొందల కుర్చీల మధ్య అతనొక్కడే కూర్చుని ఉన్నాడు. ఎదురుగా తొమ్మిదిమంది సిబ్బంది. అతని హాజరు నూటికి నూరు. అతను కూడా వెళ్లిపోతే కేంద్రం మూతపడాలి కనక ఫ్యాను అతనివైపు తిప్పారు, టీ వాళ్లే తెస్తున్నారు, ఊపిరి పీల్చే వ్యాయామం అతనికి ఇష్టమైతేనే చేయిస్తున్నారు. క్లాసు అయ్యాక ఇద్దరూ బయటికొచ్చారు.

"సాంబమూర్తి గారు మీకు చెప్పలేదా?" అంది నాగావళి.

"చెప్పారండి. రావడం మానేస్తే చాలన్నారు."

"మరి?"

ఇమ్మానుయేలు ఫ్లాస్కు మూత బిగించి భుజాన తగిలించుకున్నాడు. "మీ పేరుంది కాబట్టి మీకు మంచే జరిగింది. నా పేరుందో లేదో ఆయన చెప్పరు, నేనడగలేదు. తెలియనంతకాలం ఉన్నట్టే కదండీ. మూడేళ్లబట్టీ ఆ ఉన్నట్టులోనే బతుకుతున్నాను. లేదని తెలిస్తే మంగళవారం సాయంత్రం నేను ఎక్కడికి వెళ్లాలి?"

నాగావళికి కోపం రాలేదు. తోటకి వెళ్లే బస్సులో తనని రెండుసార్లు లేపింది కూడా అదే.

"మీరు దేని మీద పని చేద్దామనుకున్నారు? ఇన్నాళ్లూ నేనడగనేలేదు."

"పాతరేవు ఉప్పు కొఠార్ల మీదండి. ఇక్కడికి పదకొండు కిలోమీటర్లు. మా తాత అక్కడ ఉప్పు బస్తాలు మోసేవాడు. ఆ కొఠార్లలో పనిచేసినవాళ్లు చెబితే రాసుకుందామని. కాగితాల్లో ఎక్కడా లేదు, వాళ్ల నోళ్లలోనే ఉంది."

"ఉన్నారా వాళ్లు?"

"నేను మొదటిసారి దరఖాస్తు పెట్టినప్పుడు ఏడుగురుండేవారు." ఇమ్మానుయేలు రోడ్డుకేసి చూశాడు. "ఇప్పుడు ఇద్దరు. అందులో ఒకాయనకి సంక్రాంతి ముందు పక్షవాతం వచ్చిందని విన్నాను. మాట ఉందో లేదో."

"ఎన్నిసార్లు కలిశారు?"

"ఒక్కసారీ వెళ్లలేదండి. సీటు వచ్చాక పద్ధతిగా వెళ్దామని."

చెప్పేశాక ఆ మాట అతనికే వినపడినట్టుంది. నాగావళి సంచిలోంచి కొత్త నోటు పుస్తకం ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది. వృక్షశాస్త్ర శాఖవాళ్లు ఆ పొద్దున్నే ఇచ్చింది. అతను దాన్ని తిరగేసి చూసి, దిండు చంకలో పెట్టుకుని, పెన్ను జేబులో ఉందో లేదో తడుముకుని గేటు దాటాడు.

గేటు ఎదురుగా పాతరేవు వెళ్లే షేర్ ఆటో ఆగి ఉంది. ఇమ్మానుయేలు ఎక్కి కూర్చున్నాడు. దిండు ఒళ్లో పెట్టుకున్నాడు. ఆటో కదల్లేదు. ఇటువైపు నిలబడిన నాగావళికి వాళ్ల మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"ఎప్పుడు బయల్దేరతావు?"

"ఇంకో ఇద్దరు రావాలండి. వస్తే వెళ్లిపోవడమే."

"ఎంతసేపు పడుతుంది?"

"చెప్పలేమండి. పది నిమిషాలు పట్టొచ్చు, అరగంట పట్టొచ్చు. కూర్చోండి, చల్లగానే ఉంది కదా."

ఇమ్మానుయేలు కూర్చున్నాడు. ఒక నిమిషం అయింది. రెండో నిమిషంలో దిగాడు. దిండు ఆటో సీటు మీదే వదిలేసి, నోటు పుస్తకం చేత్తో పట్టుకుని, పాతరేవు రోడ్డున నడవడం మొదలుపెట్టాడు. డ్రైవరు తల బయటపెట్టి, "సార్, పదకొండు కిలోమీటర్లండి, ఇదిగో ఇప్పుడే వచ్చేస్తారు" అని కేకేశాడు. ఇమ్మానుయేలు అప్పటికే మలుపు దగ్గరున్నాడు.